కండ మీది పొర, చేతి వైద్యం: ఫాషియా శిక్షణ గురించి మన ఇళ్లలో తెలియవలసినవి

గత నెల ఒక సాయంత్రం సంఘం ఆఫీసులో సభ్యత్వ రసీదులు సరిచూస్తుంటే మన పేట కుర్రవాడొకడు వచ్చాడు. బీకాం చదివి జిమ్‌లో పని చేస్తున్నాడు. "కాకా, మన హాలు రెండు దినాలు కావాలె. ఫాషియా ట్రైనింగ్ పెడుతున్నరు. మోకాళ్లు, నడుము, భుజం అన్నీ చేత్తోనే బాగు చెయ్యొచ్చట. సర్టిఫికెట్ గూడ ఇస్తరు" అన్నాడు. ఫీజు ఎంత అని అడిగితే మనిషికి 15 వేలు అన్నాడు. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఆ డబ్బు కూడబెట్టడానికి ఆమె ఎన్ని లక్షల బీడీలు చుట్టాలో సోలాపూర్ పూర్వ భాగంలో ఉండే మనవాళ్లకు నేను లెక్క చెప్పనక్కర్లేదు.

హాలు అద్దె వస్తుంది కదా, ఇచ్చేద్దాం అన్నారు కమిటీలో ఇద్దరు. నాది గుమాస్తా బుద్ధి. ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి, చదవకుండా దేని మీదా సంతకం పెట్టను. ఫిజియోథెరపీ చదివిన మన వాళ్ల అమ్మాయిని, ఎముకల డాక్టరు ఒకాయన్ని కలిసి అడిగాను, దొరికినంత చదివాను. అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

ఫాషియా అంటే ఏమిటి

ఆదివారం మాంసం దుకాణంలో తొడ ముక్క కోసేటప్పుడు చూడండి. ఎర్రటి కండ మీద తెల్లగా, పలచగా, జారుడుగా ఒక పొర ఉంటుంది. కొట్టేవాడు దాన్ని కత్తితో లేపి పక్కన పడేస్తాడు. అదే ఫాషియా. లాటిన్‌లో ఆ మాటకు కట్టు, పట్టీ అని అర్థం. శవాలను కోసి శరీర నిర్మాణం నేర్చుకున్న వైద్యులు కూడా చాలా కాలం మాంసం కొట్టేవాడిలాగే దాన్ని తీసి పారేసి, లోపలి కండరం మీదే దృష్టి పెట్టారు. 

బత్తాయిని తలచుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. తొక్క కింద తెల్లటి పొర, ఒక్కో తొనకు ఒక్కో సంచి, తొన లోపల చిన్న చిన్న రసపు తిత్తులకు కూడా పొర. మన ఒంట్లోనూ అంతే. చర్మం కింద కొవ్వుతో కలిసిన మెత్తటి పొర ఒకటి, దాని కింద కండరాలను కట్టి ఉంచే గట్టి పొర ఒకటి, ప్రతి కండరానికీ, కండరంలోని పోగుల కట్టలకూ విడివిడిగా పొరలు. అన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. అరికాలిలో, నడుము వెనక, తొడ బయటి వైపు ఈ పొర చాలా మందంగా, గట్టిగా ఉంటుంది.

నేతపని తెలిసిన ఇళ్లకు ఒక మాట. ఈ గట్టి పొరలో కొల్లాజెన్ అనే పోగులు ఉంటాయి. ఒక వరసలో ఒక దిక్కుగా, దాని పై వరసలో మరో దిక్కుగా, మన పడుగూ పేకలాగా. ఆ వరసల మధ్య హయలురోనాన్ అనే జిగురు పదార్థం పలచగా ఉండి, ఒక పొర మరో పొర మీద జారేటట్టు చేస్తుంది. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో కార్లా స్టెక్కో అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఈ జారుడు మీద చాలా పని చేశారు. ఒకే భంగిమలో గంటల తరబడి ఉన్నా, దెబ్బ తగిలి ఆ భాగం కదలకపోయినా ఈ జిగురు చిక్కబడి పొరలు సరిగా జారవని ఆమె బృందం వాదన. పడుగుకు గంజి ఎక్కువై ఎండితే పోగులు ఎలా అంటుకుంటాయో మా నాన్న కాలం మనుషులకు విడమరిచి చెప్పే పని లేదు. వేడి, కదలిక తగిలితే ఆ జిగురు మళ్లీ పలచబడుతుందని కూడా వారే అంటారు.

మనం "నరం పట్టింది" అనే నొప్పుల్లో చాలావాటికి నరంతో సంబంధం ఉండదు. కండ పట్టేయడమో, పొర బిగియడమో అయి ఉంటుంది. మన భాషలో నరం అంటే పట్టుకున్నదంతా నరమే కాబట్టి తప్పేమీ లేదు కానీ, డాక్టరు ముందు కూర్చుని "నరం" అంటే ఆయన వెన్నుపాము దాకా వెళ్లి స్కాను రాసే ప్రమాదం ఉంది.

ఈ వైద్యం ఎక్కడ పుట్టింది

చేత్తో మర్దన చేయడం మనకు కొత్తది కాదు. ఫాషియా పేరుతో పద్ధతిగా సాగినది మాత్రం అమెరికా, యూరప్‌లలో. ఆస్టియోపతీ మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ 19వ శతాబ్దంలోనే ఈ పొర గురించి రాశాడు. 1929లో ఎలిజబెత్ డికె అనే జర్మన్ ఫిజియోథెరపిస్టు తన కాలికి రక్త ప్రసరణ తగ్గి, కాలు తీసేయాల్సి వస్తుందనే స్థితిలో తన నడుము దగ్గర తానే చేత్తో ప్రయోగం చేసుకుని ఒక మర్దన పద్ధతి తయారు చేసింది. అమెరికాలో ఐడా రోల్ఫ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త పేరు మీద రోల్ఫింగ్ వచ్చింది. అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలిగా ఉన్న జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి కండరాల్లోని నొప్పి ముడుల మీద 1983లో పెద్ద గ్రంథం తెచ్చింది. ఇటలీలో కార్లా తండ్రి లుయీజీ స్టెక్కోది ఒక పద్ధతి. అమెరికా వైద్యుడు స్టీఫెన్ టైపాల్డోస్ 1990ల్లో మొదలుపెట్టింది మరొకటి. 2007లో బోస్టన్‌లో ఫాషియా పరిశోధకుల మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. అప్పటి నుంచి ఈ మాట అందరి నోటా పడింది, దానితో పాటే పోస్టర్లూ వచ్చాయి.

శిక్షణలో చేతికి ఏం నేర్పుతారు

అసలైన శిక్షణ ఎలా ఉంటుందో మన ఫిజియో అమ్మాయి చెప్పింది. నొక్కడం కన్నా ముందు తాకి తెలుసుకోవడం నేర్పుతారట. ఒక వెంట్రుకను పుస్తకం పేజీ కింద పెట్టి, కళ్లు మూసుకుని, వేలి కొసతో అది ఎక్కడుందో చెప్పాలి. తెలిశాక ఇంకో పేజీ, ఆ మీద ఇంకోటి. ఆ రాత్రి నేను సంఘం లెడ్జరుతో ప్రయత్నించాను. రెండో పేజీకే నా వేళ్లు చేతులెత్తేశాయి. అలవాటైన చేతులు చాలా పేజీల దాకా పోతాయట.

తరవాత జంటలుగా కూర్చుని ఒకరి చేతిని ఒకరు చూస్తారు. చర్మం ఒక్కటే జరుపుతున్నామా, దాని కింది పొర కూడా కదులుతోందా, కండరం దాకా వెళ్లామా అని పొర పొరగా దిగడం అభ్యాసం చేస్తారు. ముందుగా కదలిక కొలుస్తారు. చెయ్యి ఎంత పైకి లేచింది, మెడ ఎంత తిరిగింది రాసుకుంటారు. చికిత్స చేసి మళ్లీ కొలుస్తారు. మార్పు లేకపోతే ఆ చోట నొక్కడం ఆపి మరో చోట వెతకాలి. నొప్పి ఉన్న చోటే కారణం ఉండాలని లేదు కాబట్టి భుజం నొప్పికి మోచేయి దగ్గర, నడుము నొప్పికి తొడ దగ్గర కూడా చూస్తారు. ఇలాంటి కోర్సులు స్థాయిల వారీగా, రోజుల తరబడి సాగుతాయి, మధ్యలో రోగుల మీద సాధన చేసి రావాలి. పేరున్న పద్ధతుల్లో కొన్నిటివాళ్లు ముఖ్యంగా డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు ఈ పాఠాలు చెబుతారు. శరీర నిర్మాణం ముందే చదివినవాళ్లకు చేతివాటం నేర్పే కోర్సులివి.

టైపాల్డోస్ పద్ధతిలో ఒక సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. రోగి నొప్పిని ఎలా చూపిస్తాడో దానికి అక్కడ చాలా విలువ. ఒకరు వేళ్లతో గీత గీసినట్టు చెయ్యి పొడవునా లాగి చూపిస్తారు. ఒకరు ఒక్క వేలితో ఎముక మీద చుక్క పెట్టినట్టు చూపిస్తారు. ఇంకొకరు కీలును మొత్తం అరచేత్తో పట్టుకుంటారు. మరొకరు భుజం మీది గుంటలో వేళ్లు గట్టిగా గుచ్చుకుంటారు. ఈ తేడాలను బట్టి పొరలో ఏ రకం లోపమో అంచనా వేసి ఆరు రకాలుగా విడగొట్టాడాయన. ఆ ఆరు రకాలూ నిజంగా ఒంట్లో అలాగే ఉన్నాయని స్కానులో చూపించినవాళ్లు లేరు, అందుకే చాలామంది వైద్యులు దాన్ని ఒప్పుకోరు. చికిత్స కూడా గట్టి నొక్కుడు, కమిలిపోవడం మామూలే. అయినా రోగి చెయ్యి ఎటు పోతోందో చూడమనడం మంచి మాట.

ఎందుకంటే మన ఇళ్ల కథ వేరు. మా పక్కింటి అవ్వ తెలుగు తప్ప మాట్లాడదు. మనవడికి మరాఠీ, హిందీ బాగా వచ్చు, తెలుగు వింటాడు. దవాఖానలో అవ్వ "సలుపుతుంది, రాత్రి పీకుతుంది, లేస్తే కలుక్కుమంటది" అని మూడు రకాలుగా చెప్పింది. మనవడు డాక్టరుతో "దుఖతయ్" అన్నాడు. మూడు మాటలూ కలిసి ఒక్క మాటయ్యాయి. సలుపు వేరు, తిమ్మిరి వేరు, మంట వేరు, లాగడం వేరు. తిమ్మిరి, మంట అంటే నరం మీద అనుమానం రావాలి. పొద్దున బిగిసి ఉండి నడుస్తుంటే సడలితే కీలో, పొరో అనుకోవాలి. రాత్రీ పగలూ తేడా లేకుండా సలుపుతుంటే ఇంకా లోతుగా చూడాలి. మాట పోయిన చోట అవ్వ చెయ్యి ఆగిన చోటైనా చూసే వైద్యుడు మనకు కావాలి.

నొక్కితే పొర సాగుతుందా

పోస్టరులో "అతుక్కున్న ఫాషియాను విడగొడతాం" అని ఉంది. దాని గురించి కొంచెం చెప్పాలి. 2008లో అమెరికాలో ఒక పరిశోధక బృందం లెక్క కట్టింది. తొడ పక్కనా, అరికాలిలో ఉండే గట్టి ఫాషియాను 1 శాతం అణచాలన్నా, జరపాలన్నా వందల కిలోల బలం కావాలని తేలింది. ఏ మనిషి బొటనవేలికీ అంత బలం ఉండదు. అంటే చేత్తో నొక్కినప్పుడు ఉపశమనం వచ్చేది పొర సాగిపోయి కాదు.

మరి ఎందుకు వస్తుంది? ఈ పొరలో నరాల కొసలు విపరీతంగా ఉన్నాయి. మెల్లగా, ఓపికగా ఒత్తితే అవి మెదడుకు వేరే కబురు పంపి కండరం బిగువు తగ్గిస్తాయని రాబర్ట్ ష్లైప్ అనే జర్మన్ పరిశోధకుడు 2003 నుంచి వాదిస్తున్నాడు. పొరల మధ్య జిగురు పలచబడటం ఇంకో వివరణ. 2011లో హెలెన్ లాంజవాన్ బృందం అల్ట్రాసౌండ్‌తో చూస్తే, చాలా కాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్లలో నడుము వెనక పొరల జారుడు మిగతావాళ్ల కన్నా సుమారు 20 శాతం తక్కువగా ఉంది. పొర బిగిసి నొప్పి వచ్చిందా, నొప్పికి భయపడి కదలక పొర బిగిసిందా అన్నది ఆ కొలతతో తేలదు.

నాకు అర్థమైనది ఇది. ఈ చేతి వైద్యం మాయా కాదు, మోసమూ కాదు. కొన్ని రోజులు, కొన్ని వారాలు నొప్పి తగ్గించి, కదలడానికి వీలు కల్పిస్తుంది. ఆ వీలు దొరికినప్పుడు వ్యాయామం చేయకపోతే నొప్పి తిరిగి వస్తుంది. చేసిన పరీక్షలు చాలావరకు చిన్నవి, లాభం ఓ మోస్తరే.

మా ఇంట్లో జరిగింది

మూడేళ్ల కిందట మా ఇంటావిడకు భుజం బిగిసింది. చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు, రాత్రి ఆ పక్కకు తిరిగితే ఏడుపు. షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువట. కీలు చుట్టూ ఉన్న సంచి గట్టిపడుతుంది, ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు. అప్పుడెవరో చెబితే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు నాలుగు ఉన్నాయి. బొటనవేలితో, ఇనుప పరికరంతో అరగంట నొక్కాడు. మరునాటికి భుజం నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది, వాపు కూడా. ఆవిడకు గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంది. అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. భుజానికీ గుండె మాత్రలకూ ఏం సంబంధం అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు పరాయి వాళ్ల దరఖాస్తుల్లో ఖాళీ గడులు పట్టుకున్నవాణ్ణి, ఇంట్లో గడి ఖాళీగా వదిలేశాను.

తరవాత వెళ్లిన ఫిజియోథెరపిస్టు చెయ్యి ముట్టుకోకముందే మాత్రల చీటీ చూపించమంది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో మెల్లగానే చేసింది, ఇంట్లో గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం రోజూ చేయించింది. నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ చెయ్యి పూర్తిగా లేవదు కానీ కొప్పు తానే ముడుచుకుంటుంది.

మన పనుల నొప్పులు

బీడీలు చుట్టే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, తునికాకు కత్తిరిస్తూ రోజంతా కూర్చుంటారు. మెడ వెనక, భుజాల మధ్య బిగువుకు ఈ చేతి వైద్యం, గంటకోసారి లేచి భుజాలు తిప్పడం రెండూ పని చేస్తాయి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వచ్చే నొప్పి మాత్రం చాలాసార్లు వేరు. అక్కడ స్నాయువు దాని గొట్టంలో వాచి ఉంటుంది. దాన్ని గట్టిగా రుద్దితే ఇంకా వాస్తుంది. దానికి పట్టీ, విశ్రాంతి, డాక్టరు సలహా కావాలి. అరచేతిలో తాడులాంటి గట్టి గీత లేచి ఉంగరపు వేలు వంగిపోతే అది నిజంగా ఫాషియా జబ్బే, షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. దాన్ని మర్దన సరిచేయదు.

మగ్గాల మధ్య 12 గంటలు నిలబడి తిరిగే మగవాళ్లకు మడమ నొప్పి ఎక్కువ. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు ఉంటుంది, నాలుగడుగులు వేశాక తగ్గుతుంది. అరికాలి ఫాషియా మడమ ఎముకను పట్టుకున్న చోట వచ్చే నొప్పి ఇది. దీనికి పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మంచం దిగకముందే, నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకుని, కాలి వేళ్లను చేత్తో పట్టుకుని ముంగాలి వైపు లాగండి. అరికాలు తీగలా బిగుస్తుంది, రెండో చేత్తో తాకితే తెలుస్తుంది. పది లెక్కపెట్టి వదలండి. పది సార్లు, రోజుకు మూడు పూటలా. 2003లో అమెరికాలో ప్రచురించిన ఒక పరీక్షలో 8 వారాలకు ఇది పిక్క సాగదీసే వ్యాయామం కన్నా మంచి ఫలితం ఇచ్చింది. ఉత్త కాళ్లతో బండల మీద నిలబడటం కూడా తగ్గించాలి.

ఇక ఎవరి చేతికీ ఒళ్లు అప్పగించకూడని సందర్భాలు ఉన్నాయి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఎడమ చేతి నొప్పితో చెమట, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పాత క్యాన్సరు, ఎముకలు బోలుబారిన ముసలి వయసు, షుగరుతో మొద్దుబారిన పాదాలు ఉంటే ముందు డాక్టరును అడగాలి. మొద్దుబారిన పాదానికి ఎంత నొక్కారో తెలియదు, పుండయ్యాక తెలుస్తుంది.

హాలు సంగతి

ఫిజియోథెరపీకి ఏళ్ల తరబడి చదివే డిగ్రీ ఉంది. మహారాష్ట్రలో దానికి కౌన్సిలు ఉంది, పేరు నమోదు చేసుకోవాలి. దేశం మొత్తానికి 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. రెండు రోజుల సర్టిఫికెట్ నమోదుకు బదులు కాదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అవమానం కాదు, ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. నిర్వాహకులకు నేను ఫోను చేసి, చేరేవాళ్లకు ఏ చదువు ఉండాలని అడిగాను. "ఎవరైనా సరే" అన్నారు. రోగికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదంటే మాట మార్చారు.

కమిటీలో గంటన్నర వాదన జరిగింది. చివరికి హాలు ఇవ్వలేదు. కుర్రవాడికి కోపం వచ్చింది, పది రోజులు ఎదురుపడినా తల తిప్పుకున్నాడు. వాడి బాధ నాకు తెలుసు. జిమ్ జీతం సరిపోదు, చేతిలో ఒక విద్య ఉండాలని ఆశ. ఫిజియో అమ్మాయి వాడితో మాట్లాడింది. వచ్చే నెల రెండు ఆదివారాలు పొద్దున 8 నుంచి 11 దాకా ఆమె మన హాలులో ఉచితంగా చూస్తుంది. మెడ, భుజం, మడమ వ్యాయామాలు జనానికి చేసి చూపించే పని వాడిది. నొక్కే పని ఆమెది. వాళ్లమ్మే మొదటి పేరు రాయించుకుంది.

వచ్చేవాళ్లు వేసుకునే మాత్రల చీటీలన్నీ తెచ్చుకోండి, గుండెవి, షుగరువి కూడా. బల్ల మీద ఒక పుస్తకం పెడుతున్నాం. అందులో మన నొప్పి మాటలు, పక్కన మరాఠీ మాటలు ఉంటాయి. కలుక్కుమనడానికి చమక్, తిమ్మిరికి ముంగ్యా, మంటకు ఆగ, సలుపుకు ఠణకా అని రాసుకున్నాం. బరంపురంలో ఒడియాలో, హోసూరులో తమిళంలో, బళ్లారిలో కన్నడంలో మీ ఇంటి పెద్దవాళ్ల నొప్పిని డాక్టరుకు ఎలా చెబుతున్నారో మీరూ రాసి పంపితే కలుపుతాం. "కాళ్లు పీకుతున్నాయి" అన్నదానికి ఎదురుగా మా పుస్తకంలో గడి ఇంకా ఖాళీగానే ఉంది.